కారు ఎక్కడ అయిపోతుందో

మా ఆవిడ గేటు పక్కనున్న సిమెంటు స్తంభాన్ని గుద్దినప్పుడు నేను పక్క సీట్లోనే ఉన్నాను. వేగమేమీ లేదు. క్వార్టర్స్ ముందున్న గ్రౌండులో మూడు చుట్లు చక్కగా తిప్పింది. ఇంట్లోకి మలుపు తీసుకుంటుంటే ముందు కర్రుమని చప్పుడయింది. దిగి చూస్తే బంపరు మధ్యకు మడతపడిపోయింది. ఎడమవైపు బ్రాకెట్టు ఊడి వేలాడుతోంది.

"కళ్ళు కనపడ్డం లేదేటి నీకు?" అని అరిచాను. పక్కింటివాళ్ళు కిటికీ తెరిచేంత గట్టిగా అరిచాను.

ఆవిడ ఇంజను ఆపింది. స్టీరింగు మీద నుంచి చేతులు తియ్యలేదు.

"కళ్ళు మంచిగనే ఉన్నయయ్యా. కారు ఎక్కడ అయిపోతదో అదే కానొస్తలేదు" అంది.

నేను లోపలికి వెళ్ళిపోయాను.

ఆ కారు సంగతి చెప్పాలి. నేను బస్తరులో బైలడీలా కొండ మీద ఇనుప గనిలో డంపర్లు బాగుచేసే మెకానిక్‌ని. విజయనగరం వైపు నుంచి ఆ ఉద్యోగానికి వెళ్ళాను. మా గనిలో ఒక పెద్ద ఇంజనీరుగారికి పాత స్పోర్ట్స్ కారు ఉండేది. ఎప్పుడో విదేశంలో తయారైంది. రెండు తలుపులు, రెండే సీట్లు, పొడుగాటి బానెట్. నేలకు ఎంత దగ్గరగా ఉండేదంటే, మా డంపరు టైరు పక్కన నిలబెడితే టైరే ఎత్తుగా కనబడేది. ఎనిమిదేళ్ళపాటు దాన్ని నేనే చూసుకున్నాను. ఆయన రిటైరై వెళ్ళిపోతూ, "దీని గొంతు నీకే తెలుసు" అని నాకే ఇచ్చేసి వెళ్ళారు.

ఏడాది తిరక్కుండానే నాకు ఫిట్స్ వచ్చాయి. మొదటిసారి వర్క్‌షాపులో, టిఫిన్ డబ్బా మూత తీస్తూ పడిపోయాను. రెండోసారి సంతలో. మాత్రలు మానకూడదన్నారు డాక్టరుగారు. మిషన్ల కిందకి దూరకూడదన్నారు. అన్నిటికన్నా ముందు, బండి నడపకూడదన్నారు. నన్ను వర్క్‌షాపు నుంచి స్టోర్సుకి మార్చారు. పొద్దున్నించి సాయంత్రం దాకా నట్లూ బోల్టులూ అందించే పని. కారు మీద టార్పాలిన్ కప్పేశాను. దాని పక్కనుంచి వెళ్ళేటప్పుడు మొహం అటు తిప్పుకునేవాణ్ణి. కొండ ఎర్రదుమ్ము టార్పాలిన్ మీద మందంగా పేరుకుంది.

ఒక ఆదివారం లేచి చూసేసరికి మా ఆవిడ ఆ టార్పాలిన్ తీసి దులుపుతోంది. ఆవిడది కొంటా. శబరి నది ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి. ఇంట్లో తెలుగు, సంతలో హల్బీ, ఆఫీసుల్లో హిందీ మాట్లాడేది. ఏ భాషలోనైనా రెండు ముక్కల్లో విషయం తేల్చేసేది.

"నాకు నేర్పియ్యి" అంది.

"ఏటి నేర్పేది?"

"కారు."

"సైకిలు కూడా తొక్కలేదు నువ్వు."

"సైకిలైతే పడతది. ఇది పడదు గదా."

అలా మొదలైంది. లెర్నింగ్ లైసెన్సు తీసుకున్నాం. రెండు నెలలు నేను ఎడమ సీట్లో కూర్చుని క్లచ్చు గురించీ గేర్ల గురించీ చెప్పాను. చెప్తున్నప్పుడు నా గొంతు మళ్ళీ వర్క్‌షాపులో గొంతులా వినబడేది నాకు. అంతలో ఈ స్తంభం.

అరిచిన మర్నాడు సాయంత్రం, ఆవిడ చుట్టాలావిడ ఎవరినో చూడ్డానికి వెళ్ళినప్పుడు, నేను కారు దగ్గరికి వెళ్ళాను. డ్రైవరు సీట్లో కూర్చున్నాను. మా ఆవిడ నా భుజం దాకా ఉంటుంది. సీట్లో ఆవిడ తల ఎక్కడి దాకా వస్తుందో అంచనా వేసుకుని, నడుం జారేసి కిందికి దిగాను. అంత ఎత్తు నుంచి చూస్తే బానెట్ ఉబ్బు, దాని మీద ఆకాశం తప్ప ఏమీ కనబడలేదు. రోడ్డు లేదు, గేటు లేదు, స్తంభం లేదు. పదేళ్ళుగా ఆ కారులో ప్రతి మర నాకు తెలుసు. ఈ సంగతి మాత్రం తెలీదు. మెడ నొప్పి పెట్టేదాకా అలాగే కూర్చున్నాను.

ఆవిడ తిరిగొచ్చాక, "నిన్న అలా అరవకుండా ఉండాల్సింది" అన్నాను.

"పోనియ్యి. బంపరు దొరుకుతదా?" అంది.

దొరకడం అంత తేలిక కాదు. జగదల్‌పూర్‌లో ఫైబరుతో అచ్చు తీసి ఇచ్చే ఆయన ఉన్నాడని తెలిసి ఫోన్ చేశాను. రంగు కలిపి ఇస్తాడట, తేలిగ్గా ఉంటుందట. ఒక దెబ్బ ఆగుతుందా అని అడిగితే ఆయన నవ్వేశాడు. అది వద్దనుకున్నాను. నా మనసంతా అసలు బంపరు మీదే ఉంది. క్రోమ్ పూసిన స్టీలుది, కారుతో పుట్టిందే కావాలి. విశాఖపట్నంలో పాత సామాను కొట్ల చుట్టూ ఎవరెవరినో అడిగించాను. మూడు వారాలకు అలాంటి కారుదే ఒకటుందని కబురొచ్చింది. సెలవు పెట్టి రైల్లో వెళ్ళి, గోనెపట్టాలో చుట్టి, ఒళ్ళో పెట్టుకున్నంత భద్రంగా తెచ్చాను. సొరంగాల్లో రైలు కుదిపినప్పుడల్లా దానికి చెయ్యి అడ్డం పెట్టాను.

వరండాలో గోనె విప్పాను. అక్కడక్కడా చిన్న మచ్చలున్నా మెరిసిపోతోంది. మా ఆవిడ దాని ముందు కూర్చుని జుట్టు సర్దుకుంది.

"అద్దం లెక్కుంది. బాగుంది" అంది.

బ్రాకెట్లకు ఆనించి తాడుతో కట్టి చూశాను. రంధ్రాలు సరిగ్గా కలిశాయి. కారుకు మళ్ళీ మొహం వచ్చినట్టయింది. నేను అటూ ఇటూ తిరిగి చూసుకుంటుంటే, ఆవిడ డ్రైవరు సీట్లో దిండు వేసుకుని కూర్చుంది. మెడ చాచి చూసింది. దిగి వంటింట్లోకి వెళ్ళబోయింది.

"కనబడిందా?" అని అడిగాను.

"నీ కారయ్యా. నీకు నచ్చింది పెట్టు."

"నడిపేది నువ్వు కదా."

ఆవిడ గుమ్మంలో ఆగింది. "కానరాలే. నువ్వు అంత దూరం పోయి తెచ్చినవు. ఏమని చెప్పాలె?"

నాకు కొంచెం కష్టంగానే అనిపించింది. లేదంటే అబద్ధం. కానీ ఇందాకటిదాకా అద్దంలా మెరిసిన ఆ ముక్క, ఆ మాటతో గోడకు తగిలించుకునే వస్తువైపోయింది. నిజంగానే తర్వాత దాన్ని వరండా గోడకు తగిలించాం.

గీదంలో, మూడు దార్లు కలిసేచోట, ట్రాక్టరు తొట్లు చేసే వెల్డింగ్ ఆయన ఉండేవాడు. బస్తరువాడే. లారీ డ్రైవర్లతో మాట్లాడి మాట్లాడి తెలుగు నేర్చుకున్నాడు. ఆవిడకు సీట్లోంచి కనబడే బంపరు చేయించాలంటే కారును ఆయన దగ్గరికి తీసుకుపోవాలి. స్నేహితుడెవరినైనా నడపమందామన్నాను.

"రెండే సీట్లు. ఆయన నడిపితే మనిద్దర్ల ఒకరు ఇంటికాడ ఉండాలె. నేనే నడుపుతా" అంది.

ఆదివారం పొద్దున్నే బయల్దేరాం. ముందు బంపరు లేకుండా కారు పళ్ళూడిన ముసలాయనలా ఉంది. ఖనిజం లారీ ఎదురొచ్చినప్పుడల్లా ఆవిడ రోడ్డు దిగి ఆగిపోయేది. గీదం చేరడానికి రెండు గంటలు పట్టింది. దిగేసరికి ఆవిడ చీర కుచ్చెళ్ళు చెమటకు కాళ్ళకంటుకుపోయాయి.

నేను చెప్పింది విని వెల్డింగ్ ఆయన తల గోక్కున్నాడు. "పైపు బంపర్ చేస్తా భయ్యా. కానీ ఇంత అందమైన గాడీ. జీపు లెక్క అయితది."

"అవనీ" అన్నాను.

ఆవిడను సీట్లో కూర్చోబెట్టాం. నేను ముందు నిలబడి ఇనప పైపును రెండు చేతుల్తో అడ్డంగా పట్టుకున్నాను.

"కనబడుతుందా?"

"నువ్వే కానొస్తున్నవు. పైపు కానొస్తలేదు."

ఇంకొంచెం ఎత్తాను. అలా ఎత్తుకుంటూ పోతే లైట్లకు అడ్డం వస్తుంది, రేడియేటరుకు గాలి ఆగుతుంది. మెకానిక్ బుర్ర ఒప్పుకోలేదు. అప్పుడు వెల్డింగ్ ఆయనే ఉపాయం చెప్పాడు. అడ్డపైపు కిందనే ఉంచి, రెండు చివర్లూ మూలల దగ్గర పైకి వంచుదామన్నాడు. రెండు కడ్డీ ముక్కలు తెచ్చి ఒకటి నాకిచ్చి, ఒకటి తను పట్టుకున్నాడు. ఇద్దరం చెరో మూలా నిలబడ్డాం.

"పైకి" అంది ఆవిడ. "ఇంకొంచెం. నీది ఎక్కువైంది, భయ్యాది సరిగ్గుంది. ఆఁ... అక్కడనే! కదలకుండ్రి!"

ఆయన సుద్దముక్కతో గీత పెట్టాడు. మధ్యాహ్నానికి బంపరు తయారైంది. కొత్త బ్రాకెట్లు నేనే కొలిచి ఇచ్చాను. చాన్నాళ్ళ తర్వాత నా చేతులకు గ్రీజు అంటింది. నల్ల రంగు వేసి, పైకి లేచిన రెండు కొనలకూ తెల్ల రంగు వేశాం.

రంగు ఆరాక నేను కారుకు పది అడుగుల దూరంలో, ఎడమ మూలకు ఎదురుగా నిలబడ్డాను.

"రా. నా మోకాలి దగ్గరికి వచ్చి ఆపు" అన్నాను.

"నువ్వు జరుగు. గోడ ఉంది గదా, దాని మీదికి పోత."

"గోడ మాట్లాడదు. నేనైతే చెప్తాను."

"వద్దు భాభీ" అన్నాడు వెల్డింగ్ ఆయన కంగారుగా.

ఆవిడ నన్ను ముందు అద్దంలోంచి చూసింది. ఇంజను స్టార్టు చేసింది. క్లచ్చు మీది కాలు ఎంత నెమ్మదిగా వదిలిందంటే, కారు కదులుతోందో లేదో తెలియలేదు. నేను కదల్లేదు. తెల్లటి కొన దగ్గరికి వస్తోంది. నా చూపు దాని మీద లేదు. ఆవిడ మొహం మీద ఉంది. పెదవి పంటికింద బిగించి, కొననూ నన్నూ, కొననూ నన్నూ చూస్తోంది. కారు ఆగింది.

"ఇంక నాలుగు వేళ్ళుంది" అని లోపల్నుంచి అరిచింది.

వంగి చెయ్యి పెట్టి చూశాను. నాలుగు వేళ్ళు సరిగ్గా పట్టాయి. లేచి నిలబడదామంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మోకాలి మీద దుమ్ము దులుపుకుంటున్నట్టు ఇంకాసేపు అలాగే వంగి ఉండిపోయాను. వెల్డింగ్ ఆయన చూసి కూడా చూడనట్టు వెళ్ళి టీ చెప్పాడు.

ఆ చలికాలం ఆవిడకు పూర్తి లైసెన్సు వచ్చింది. మొట్టమొదట కొంటా వెళ్దామంది. అక్కడ వాళ్ళక్క ఒక్కతే ఉంటుంది. భర్త పోయాక కూలికి వెళ్ళి పిల్లల్ని పెంచిన మనిషి. పెళ్ళయ్యాక ఊరు దాటి ఎక్కడికీ వెళ్ళలేదు. సుక్మా మీదుగా సాయంత్రం దాకా ప్రయాణం. దారిలో భద్రతా దళాల క్యాంపు దగ్గర జవాను మమ్మల్ని ఆపి, కారు కాయితాలు చూసి, తిరిగి నా చేతికే ఇవ్వబోయాడు. ఆవిడే చెయ్యి చాపి తీసుకుంది.

మర్నాడు పొద్దున వాళ్ళక్క కారు చుట్టూ రెండుసార్లు తిరిగింది. "ఏందే ఇది, బర్రె లెక్క కొమ్ములున్నయి" అంది.

"కూసో అక్కా. తిప్పుకొస్త" అంది మా ఆవిడ.

నేను నా సీటు ఖాళీ చేశాను. వాళ్ళిద్దరూ వెళ్ళిపోయారు. నేను శబరి ఒడ్డున రాయి మీద కూర్చున్నాను. ఐదు నిమిషాల్లో వస్తారనుకున్నాను. అరగంటయింది. గంటయింది. వెళ్ళి వెతుకుదామంటే వెళ్ళడానికి నా దగ్గర ఏ బండీ లేదు. నదిలో వల వేస్తున్నాయనతో కాసేపు మాట్లాడాను. ఎండ ఎక్కుతుంటే చెట్టు నీడకు జరిగాను.

చివరికి వచ్చారు. ఇద్దరి మొహాలూ గాలికి ఎర్రబడి ఉన్నాయి. వాళ్ళక్క జుట్టంతా రేగిపోయింది, ముడి కూడా వేసుకోలేదు.

"ఎక్కడికి పోయారు ఇంతసేపు?" అన్నాను.

"వంతెన దాటి ఆంధ్రా పోయినం" అంది వాళ్ళక్క. కారు దిగలేదు. "అక్కడ టీ తాగినం. నీకు తేలేదు మరిది, ఏమనుకోకు. ఇంకోసారి పోయొస్తం."

మా ఆవిడ నావైపు చూసింది. నేను చేత్తో వెళ్ళమన్నట్టు ఊపాను.