క్యూలో అడిగిన ప్రశ్న

మూడేళ్ల కిందట, జూన్‌లో, రొమ్ము కాన్సర్ పరీక్షలు చేసే వ్యాన్‌లో సాంకేతిక సహాయకుడిగా నన్ను పినపాక వైపు వేశారు. ఆ ఉద్యోగం ఇప్పుడు మానేశాను. మెషీన్ సరిచూడటం, బయట టేబుల్ దగ్గర ఫారాలు నింపటం నా పని. నలభై దాటిన వాళ్లందరికీ ఎక్స్‌రే తీసేవాళ్లం. వయసు తక్కువైతే రెండు ప్రశ్నలు: గడ్డ ఉందా, తల్లికో అక్కచెల్లెళ్లకో చిన్నమ్మలకో ఈ జబ్బు వచ్చిందా. రెండింటికీ 'లేదు' అంటే కరపత్రమిచ్చి పంపేయాలి.

స్రవంతికి ఇరవై తొమ్మిదేళ్లు. చంకలో పాప, పక్కన అత్తగారు. ఆమె నోరు తెరిచేలోపే అత్తగారు అందుకుంది.

"మా కోడలికేం రోగం బిడ్డా? ఉంటే గింటే ఫోన్ చూసుడే. ఏం లేవని రాసుకో."

స్రవంతి తలూపింది. రెండు 'లేదు'లు రాసి కరపత్రమిచ్చాను.

పది నిమిషాల తర్వాత, అత్తగారు బీపీ లైన్‌లో ఉండగా, ఆమె ఒక్కతే తిరిగొచ్చింది.

"అన్నా, ఆ కాయితం మళ్ల రాయి. మా అమ్మ గీ రోగంతోనే పోయింది, ముప్పై ఆరేండ్లకే. మా చిన్నమ్మకు ఆపరేషన్ చేసి తీసేసిండ్రు. పెండ్లప్పుడు మావోళ్లు దాచిండ్రు. అత్తమ్మ ముందట ఎట్ల చెప్పాలె?"

గడ్డ ఉందా అని మళ్లీ అడిగాను.

"ఉంది. పాలదేమో అనుకున్న."

పాపకు పాలు మాన్పించి ఎన్నాళ్లయిందన్నాను.

"ఆర్నెల్లాయె."

ఆమె తిరిగి రాకపోతే ఆ ఫారం నా ఫైల్‌లో సక్రమంగా పూర్తయినట్టే ఉండేది. రెండు 'లేదు'లూ కొట్టేసి, పక్కన సంతకం పెట్టి, లోపల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. అక్కడినుంచి ఖమ్మం: స్కానింగ్, సూదితో ముక్క తీసి పరీక్ష. కాన్సరే.

రిపోర్టు వచ్చి, స్రవంతి తల్లి జబ్బు సంగతీ ఇంట్లో బయటపడ్డాక, అత్తగారే మా వ్యాన్ వెతుక్కుంటూ మణుగూరు వచ్చింది.

"సంబంధమప్పుడు ఎర్కైతే వద్దంటుంటి, నేనెందుకు అబద్ధమాడాలె? ఇప్పుడు నా మనవరాలికి తల్లి గావాలె. జల్దీ ఏ దవాఖానకు తోల్కపోవాలె, రాసియ్యి."

రాసిచ్చాను. నేను మానేసేనాటికి స్రవంతి చికిత్స పూర్తయి, ఆర్నెల్లకోసారి పరీక్షకు వెళ్తోంది.

స్రవంతి రిపోర్టు వచ్చిన వారంలోనే, డాక్టరమ్మతో చెప్పి, ఆ రెండు ప్రశ్నలనూ టేబుల్ మీదనుంచి తీసేయించాను. వ్యాన్ తలుపు వేశాక, మనిషి ఒంటరిగా ఉన్నప్పుడు, నర్సు అడగాలి. మనిషికి నాలుగు నిమిషాలు ఎక్కువ పడతాయి. పట్టనివ్వాలి.