సదాశివరావు గారి పందుల జబ్బు

సదాశివరావు గారితో ఏ సంగతి మొదలుపెట్టినా మూడు నిమిషాల్లో పందుల దగ్గరికి చేరుకుంటారు. నేను గడియారం పెట్టి మరీ చూశాను. ఎండల గురించి ఎత్తితే రెండున్నర నిమిషాలు. దోసెల పిండి గురించయితే పూర్తిగా మూడు.

ఆయన పశువుల డాక్టరు, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం. ఢిల్లీ ఆర్.కె. పురంలో మా పై క్వార్టరు ఆయనది. పీఆర్‌ఆర్‌ఎస్ అని పందులకొచ్చే వైరస్ జబ్బొకటుందట. కడుపుతో ఉన్నవాటికి నెలలు నిండకుండానే పిల్లలు పడిపోతాయి. బతికి పుట్టినవి ఊపిరాడక రొప్పుతాయి. ఒకదానికొస్తే మందకంతా అంటుకుంటుంది. ఇదంతా కళ్లకు కట్టినట్టు చెప్పి, ఆఖర్న ఒక మాట తప్పకుండా చేరుస్తారు: "కానీ మనుషులకి రాదండి."

మాకొస్తుందని మేమెవరం అడగలేదు. అయినా చెప్తారు.

ఆయనకి పెళ్లి కాలేదు. పెళ్లిచూపుల్లో పిల్ల తండ్రి "మీ అభిరుచులేమిటి" అని అడిగితే ఏదో పశువుల జబ్బు గురించి ముప్పావుగంట చెప్పారట. "ఆయన చాలా శ్రద్ధగా విన్నారండి. తర్వాత ఎందుకో కబురు పెట్టలేదు," అన్నారు నాతో, ఇప్పటికీ ఆశ్చర్యపోతూ.

పక్క క్వార్టరు ఛాయాదేవి గారింట్లో సత్యనారాయణ వ్రతానికి ఆయన్ని పిలిచారు ఒకసారి. ప్రసాదం చేతిలో పెట్టుకుని, "చెవులు నీలంగా తిరుగుతాయమ్మా, అదీ గుర్తు," అన్నారు. ఛాయాదేవి గారు గబుక్కున వాళ్లాయన చెవులకేసి చూసుకున్నారు. "కంగారుపడకండి, మనుషులకి రాదు," అన్నారీయన. ఆ తర్వాత వాళ్లింట్లో ఏ పూజకీ ఆయనకి పిలుపు రాలేదు.

మెట్రోలో పక్కాయన దగ్గితే హిందీలో ఉపన్యాసమందుకునేవారు. హౌజ్ ఖాస్ స్టేషను వచ్చేసరికి ఆ చుట్టుపక్కల నాలుగు సీట్లు ఖాళీ. "ఢిల్లీ జనం మంచివాళ్లండి, అడక్కుండానే చోటిస్తారు," అని నన్ను పక్కన కూచోబెట్టుకున్నారు.

మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో అందరూ ఉగాది శుభాకాంక్షలు పెడుతుంటే, ఆయన రొప్పుతున్న పంది ఫొటో పెట్టారు. ఆ మధ్యాహ్నమే తీసేశారు. ఫొటోని కాదు, ఆయన్ని. ఆ సంగతి నాలుగు నెలలైనా ఆయన గమనించలేదు. "ఈ మధ్య మనవాళ్లెవరికీ కబుర్లు లేవేమోనండి, గ్రూపంతా నిశ్శబ్దంగా ఉంది," అన్నారు. నాకు నవ్వొచ్చింది, కానీ నవ్వలేకపోయాను.

నేను మాత్రం ఎందుకు వినేవాణ్నంటే, నాకూ మాట్లాడేవాళ్లు లేరు. పిల్ల ఇంటర్ చదువని మా ఆవిడ కాకినాడలో ఉండిపోయింది. ఫోన్ చేస్తే "తిన్నారా" అంటుంది, "తిన్నాను" అంటాను, అయిపోతుంది. ఆ తర్వాత పైకెళ్తే పందులైనా ఉంటాయి.

ఒక ఆదివారం పొద్దున్న అలాగే ఫోను రెండు ముక్కల్లో అయిపోయింది. మెట్ల మీద సదాశివరావు గారు సంచితో దిగుతున్నారు.

"ఎక్కడికండీ?"

"నజఫ్‌గఢ్ అవతలికి. టీ తాగడానికి."

"టీకి అంత దూరమా?"

"వస్తారా?" అన్నారు. ఆయన గొంతులో ఆశ చూసి కాదనలేకపోయాను.

మెట్రో దిగి, ఆటో ఎక్కి, ఒక బస్తీకి చేరాం. ఓంవీర్ అనే ఆయన ఇల్లది. వెనక పందుల దొడ్డి, ఖాళీగా ఉంది. ఆరేడు నెలల క్రితం ఆ జబ్బొచ్చి మందంతా పోయిందట. సదాశివరావు గారు లోపలికెళ్లకుండా నులక మంచాన్ని బయటికీడ్చి, వీధికెదురుగా కూచున్నారు.

"లోపల కూచుందాం, ఎండగా ఉంది," అన్నాను.

"ఇక్కడైతేనే కనపడతామండీ," అన్నారు నెమ్మదిగా. "మంద ఎలాగూ పోయింది. కానీ ఈ జబ్బు మనుషులకి అంటుకుంటుందని ఎవరో పుకారు పుట్టించారు. వీళ్ల గడప ఎవరూ తొక్కట్లేదు. పిల్లని బళ్లో విడిగా కూచోబెడుతున్నారు. ఎదురుగా కొట్టాయన సరుకు అమ్మడం మానేశాడు. కాగితం మీద రాసిచ్చాను, మీటింగు పెట్టాను. ఎవరూ నమ్మలేదు. సరే, సర్కారీ డాక్టరు వీళ్లింటి టీ తాగితే చూస్తారు కదా అని ఆదివారాలు వస్తున్నాను. ఇది ఎనిమిదోది."

ఎక్కడ పడితే అక్కడ, అడిగినా అడక్కపోయినా, ఆయన అదే పాట ఎందుకు పాడుతున్నారో అప్పుడర్థమైంది. ఎవరి చెవిన పడి ఎక్కడికి చేరుతుందో అని.

ఓంవీర్ భార్య బిమలా టీ గ్లాసులు తెచ్చింది. వీధిలో జనం చూస్తుండగా నేనూ తాగాను, కావాలనే చప్పుడు చేస్తూ.

అప్పుడే ఎదురు కొట్టాయన రోడ్డు దాటొచ్చాడు. కాస్త దూరంలో ఆగి, "డాక్టర్ సాబ్, మా బర్రె రెండ్రోజులుగా మేత ముట్టడం లేదు," అన్నాడు.

"చూద్దాం. ముందు కూచో భయ్యా."

అతను మంచం అంచున, సగం గాల్లో కూచున్నాడు. బిమలా అడక్కుండానే ఇంకో గ్లాసు తెచ్చి అతని ముందు పట్టుకుంది. అతను గ్లాసుని చూశాడు, డాక్టరుగారిని చూశాడు, నన్నూ చూశాడు. తీసుకుని ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు.

"చక్కెర తక్కువైంది."

"నువ్వు అమ్మితే కదా వేసేది," అంది బిమలా.

అతను గ్లాసు మంచం మీద పెట్టి, లేచి కొట్టు వైపు నడిచాడు. డబ్బా మూత తీసిన చప్పుడు ఇక్కడిదాకా వినిపించింది. సదాశివరావు గారు కొంచెం జరిగి, అతను తిరిగొస్తే సరిగా కూచోడానికి చోటు చేశారు.