చియాంగ్‌మాయి వీసాకి మద్రాసు ప్రయాణం

గత చలికాలంలో చియాంగ్‌మాయి విమానాశ్రయంలో కౌంటరు వెనక కూర్చున్న అధికారిణి నా పాస్‌పోర్టు పేజీలు నెమ్మదిగా తిప్పింది. ఎక్కడ చూసినా వాళ్ళ దేశం ముద్రలే. "మా ఊరు మీకు బాగా నచ్చినట్టుంది," అంది నవ్వుతూ. ఆ తర్వాత నవ్వకుండా, ఇంత తరచుగా వచ్చి ల్యాప్‌టాప్ మీద పని చేసుకునేవాళ్ళకు వేరే వీసా ఉందనీ, ఈసారి దాంతోనే రమ్మనీ చెప్పింది. చెప్పి ముద్ర వేసి లోపలికి పంపింది. ఈ ప్రయాణానికి కారణం ఆ మాట.

నేను ఉండేది వరంగల్‌లో, సుబేదారిలో. బట్టల మీద వేసే డిజైన్లు గీసి వేరే దేశాల కంపెనీలకు పంపుతుంటాను. చియాంగ్‌మాయిలో నీలిమందుతో నూలుకు రంగు వేసే నొయ్ అనే ఆవిడ ఉంది. మొదటిసారి ఆమె పని చూడటానికే వెళ్ళాను. తర్వాత నేర్చుకోవడానికి వెళ్ళాను, మళ్ళీ మళ్ళీ వెళ్ళాను. నీలిమందు తొట్టి పెరుగు తోడు లాంటిది. రోజూ కలియబెట్టాలి, వాసన చూడాలి, చలిగా ఉంటే కప్పి పెట్టాలి. దాన్ని టూరిస్టు గడువులో నేర్చుకోవడం కుదరదు. పని ఒక దారికి వచ్చేసరికి నేను పెట్టె సర్దుకుంటున్నాను.

అందరూ డిజిటల్ నోమాడ్ వీసా అని పిలిచే ఆ వీసా వస్తే ఒక్కో రాకకు ఆరు నెలల దాకా ఉండొచ్చు. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. కాకపోతే ఆ దేశం బయట ఉండి పెట్టుకోవాలి. పాస్‌పోర్టు, బ్యాంకు నిల్వ, పని ఇచ్చే కంపెనీల కాగితాలు, నేను చేసిన డిజైన్లు అన్నీ వరంగల్ నుంచే ఎక్కించాను. కొన్నాళ్ళకు, ఒరిజినల్స్ తీసుకుని మద్రాసులో ఉన్న వాళ్ళ దేశం కాన్సులేట్‌కు రమ్మని మెయిల్ వచ్చింది.

మా మేనత్త రాజమ్మకు మట్టెవాడలో చీరల దుకాణం ఉంది. మద్రాసు అనగానే షావుకారుపేటలో సరుకు చూడాలి, నేనూ వస్తానంది. సాయంత్రం బండికి వరంగల్ స్టేషన్లో ఎక్కాం. బండి కదలగానే అత్త సర్వపిండి డబ్బా తెరిచింది. ఖమ్మంలో ఎక్కిన మిర్చి వ్యాపారి ఒకాయన ఎదుటి సీట్లో కూర్చుని, ఎక్కడికమ్మా అని అడిగాడు. చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "అంటే పని ఇంకెక్కడిదో, ఊరు అక్కడిది. అంతేగా?" అన్నాడు. ఈ వీసా గురించి ఇంత తేలిగ్గా ఎవరూ చెప్పగా నేను వినలేదు.

ఆయన పడుకున్నాక, మనసులో మెదులుతున్న సంగతి అత్తకు చెప్పాను. నొయ్‌కి ఈ మధ్య మణికట్టు నొప్పి. శనివారాలు వచ్చే విదేశీయులకు రంగు వేయడం నువ్వు నేర్పు, కూలి ఇస్తానంది. నేను సంతోషంగా సరేనన్నాను. ఈ వీసా మీద అక్కడివాళ్ళ దగ్గర సంపాదించకూడదని తర్వాత చదివాను. దరఖాస్తులో ఈ శనివారాల సంగతి నేను రాయలేదు. రేపు వాళ్ళు అడగకపోతే చెప్పడమా, ఊరుకోవడమా?

అత్త దుప్పటి భుజాల దాకా లాక్కుంది. తర్వాత అంది: "గిరాకీ ముందల చీరె మొత్తం విప్పి చూపియ్యాలె బిడ్డా. కొంగు చూపిచ్చి, చినిగిన కాడ మడత పెట్టి ఇస్తె ఆమె మల్ల మన దుకాణం మెట్టెక్కదు. నువ్వు ఆ దేశానికి మల్ల మల్ల పోవాల్నంటానవ్ కద."

పొద్దున సెంట్రల్ స్టేషన్లో దిగి, ఎగ్మోరులో ఒక లాడ్జిలో గది తీసుకున్నాం. స్నానం, ఇడ్లీ, కాఫీ అయ్యాక ఆటోలో కాన్సులేట్‌కు వెళ్ళాం. అత్తను కూడా లోపలికి రానిచ్చారు, కుర్చీ చూపించారు, మంచినీళ్ళిచ్చారు. ఇంత నెమ్మదైన ఆఫీసును నేను చూడలేదు. ఎవరి గొంతూ పైకి లేవలేదు.

లోపలి గదిలో ఒక పెద్దావిడ నా కాగితాలు ఒక్కొక్కటే చూసింది. డిజైన్ల దగ్గర ఆగింది. వాటిలో ఒకటి మా ఊరి కొత్తవాడలో నేసే జంపఖానాల చారలు చూసి గీసింది. అది ఏ ఊరి నేత అని అడిగి తెలుసుకుంది. ఇన్నిసార్లు ఎందుకు వెళ్ళారని అడిగితే తొట్టి సంగతి చెప్పాను. అంతటితో ఆపితే సరిపోయేది. కానీ శనివారాల సంగతి కూడా చెప్పేశాను.

ఆమె పెన్ను కింద పెట్టింది. "ఆ కూలి లేకపోయినా వెళ్తారా?"

వెళ్తానన్నాను. నేర్పినందుకు నేనే నొయ్‌కి డబ్బు ఇస్తానన్నాను.

"నేర్చుకోండి. నేర్పి సంపాదించకండి. ఇంటికి వెళ్ళేలోపే ఆమెకు ఈ మాట చెప్పండి," అంది. నిర్ణయం మెయిల్లో వస్తుందని చెప్పి, లేచి నిలబడి నమస్కారం పెట్టింది. బయటికొచ్చాం. అత్త ఏమీ అడగకుండా నా చేతిలో సంచి తను తీసుకుంది.

ఆ మధ్యాహ్నమంతా షావుకారుపేట. సందులో మనిషికి మనిషి తగులుతుంటే, అత్త సగం హిందీ, సగం తెలుగు కలిపి బేరమాడింది. ఒక దుకాణదారు చివరికి నవ్వేసి, మీరు కొనడానికి వచ్చారా, నాకు వ్యాపారం నేర్పడానికి వచ్చారా అన్నాడు. ఆమె సరుకు కట్టించుకుని మరీ కదిలింది.

మర్నాడు పొద్దున బండికి తిరుగు ప్రయాణం. గూడూరు దాటాక నొయ్‌కి ఫోన్ చేశాను. కూలికి నేర్పడం నాకు కుదరదని చెప్పాను. శనివారాలకు అప్పుడే కొందరికి మాటిచ్చేసిందట. వాళ్ళ సంగతి తనే ఎలాగో చూసుకుంటానంది. నాకు సిగ్గనిపించింది. ఆమే మళ్ళీ అంది: "అయితే నువ్వు ఇంకా శిష్యురాలివే. శిష్యులు వచ్చిన రోజు తొట్లు కడగాలి." అప్పటికి నా మనసు కుదుటపడింది.

వీసా ఆ నెలలోనే వచ్చింది. ఈ దారిన వెళ్ళాలనుకునేవాళ్ళు ఆ ఒక్క సంగతి కోసం చివరిదాకా ఎదురుచూడనక్కర్లేదు కాబట్టి ఇక్కడే చెబుతున్నాను. కానీ ఆ రోజు బండిలో నాకు అది తెలియదు. తెలియకపోయినా దిగులు లేదు. ఒక దేశం తలుపు దగ్గర నిలబడి, నేనెవరో, ఎందుకొస్తున్నానో మొత్తం చెప్పుకున్నాను. వాళ్ళు కూర్చోబెట్టి విన్నారు. అప్పటిదాకా నేను ఆ దేశానికి అతిథిని. ఆ రోజు తెలిసిన మనిషినైనట్టు అనిపించింది.

ఖమ్మం దాటేసరికి బయట మసక పడింది. అత్త సరుకు మూట మీద చెయ్యేసి కిటికీలోంచి చూస్తోంది. నేను చియాంగ్‌మాయికి ఎన్నిసార్లు వెళ్ళొచ్చినా, వచ్చినవా, తిన్నవా అనేది తప్ప ఆ ఊరి మాట ఆమె ఎప్పుడూ ఎత్తలేదు. అడిగితే నేను అక్కడే ఉండిపోతానన్న భయమేమో. డోర్నకల్‌లో బండి ఆగినప్పుడు నా వైపు తిరిగింది.

"ఆడ పొద్దుగాల ఏం తింటరు?"

గంజి లాంటి అన్నంతో మొదలుపెట్టాను. నొయ్ ఇల్లు, వానకు తడిసే వీధి, గోళ్ళలో పదిరోజులైనా పోని నీలం, అన్నీ చెప్పాను. వరంగల్ ప్లాట్‌ఫారం మీద కూలీ మూట ఎత్తుకుంటుండగా కూడా అత్త ఇంకా అడుగుతూనే ఉంది.