టాంజియర్‌లో పళ్ళెం వెనక

ఇంగ్లండ్‌లోని బేసింగ్‌స్టోక్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, ఊరు చూడడమంటే నా దృష్టిలో ఒకటే అర్థం: అందరూ చూసినవే నేనూ చూశానని సోమవారం ఆఫీసులో చెప్పుకోగలగడం. అందుకే లీడ్స్‌లో డాక్టరుగా పనిచేసే మా పిన్ని ఫోన్ చేసి, "హాస్పిటల్ డ్యూటీల రోటాలో ఎట్టాగో సెలవు దొరికిందే. బాబాయీ నేనూ షిప్‌లో తిరిగొద్దామనుకుంటున్నాం, నువ్వూ రా" అనగానే ఎగిరి గంతేశాను. మొరాకో తీరంలో టాంజియర్ దగ్గర షిప్ ఒక్క రోజు ఆగుతుంది. అక్కడి పాత కోట, లైట్‌హౌస్ చూపించే బాధ్యత నాదని ప్రకటించాను. (నన్నెవరూ అడగలేదు.)

కోటకి వెళ్ళే సందు సగం ఎక్కామో లేదో, నెత్తిమీద చెక్కపళ్ళెం పెట్టుకుని ఒకావిడ మమ్మల్ని దాటి వెళ్ళింది. పళ్ళెం మీద గుడ్డ కప్పి ఉంది. "అందులో ఏముందంటావే?" అంది పిన్ని. "ఏదో ఉంటుందిలే పిన్నీ, కోట ఇటు" అన్నాను. అప్పటికే పిన్ని అటు తిరిగింది. ఆవిడ వెనక పిన్ని, పిన్ని వెనక నేను, నా వెనక "షిప్‌కి నాలుగింటికే బస్సు, గుర్తుందా?" అంటూ బాబాయి. ఆవిడ ఒకసారి వెనక్కి చూసి అడుగు వేగం పెంచింది. పిన్నీ పెంచింది. నేను చెయ్యి పట్టుకుని, "దొంగలనుకుంటుంది పిన్నీ, ఆగు" అని బతిమాలాను. "దొంగలెక్కడైనా ఇట్టా చెప్పులు టపటపలాడించుకుంటూ వస్తారటే?" అని పిన్ని చెయ్యి విడిపించుకుంది.

మలుపులన్నీ తిరిగి ఆవిడ ఒక చీకటి గుమ్మంలోకి దూరింది. మేమూ దూరాం. లోపల గోడలో పెద్ద పొయ్యి, దాని ముందు పొడుగాటి చెక్క తెడ్డుతో ఒక ముసలాయన, చుట్టూ తమ తమ పళ్ళేలతో ఆడవాళ్ళు. ఆ వీధివాళ్ళంతా ఇంట్లో పిండి కలుపుకుని, కాల్పించుకోవడానికి ఇక్కడికి తెచ్చుకుంటారన్నమాట. ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని మాకేసి తిరిగి, అరబ్బీలో గట్టిగా ఏదో అడిగింది. నేను గోడకి అతుక్కుపోయాను. పిన్ని మాత్రం పళ్ళెం చూపించి అచ్చమైన గుంటూరు తెలుగులో, "ఏం లేదమ్మా, ఇందులో ఏముందో చూద్దామనీ" అంది. ఆవిడ పిన్ని ముఖంలోకి కాసేపు చూసి, గుడ్డ తీసేసింది. గుండ్రటి పిండిముద్దలు. పిన్ని ఒకదాన్ని వేలితో నొక్కి, "భలే పొంగిందే!" అంది. ఆవిడ ముఖం విప్పారింది. (ఏ భాషలో పొగిడితే ఏంలెండి.)

రొట్టెలు కాలేలోగా ఆరా తీసే వంతు వాళ్ళదైంది. ఆవిడ వంగి పిన్ని కాలి మెట్టెలు చూపించి, ఏమిటవి అన్నట్టు చెయ్యి తిప్పింది. గుమ్మం దగ్గర వాచీ చూసుకుంటున్న బాబాయిని చూపించి, "ఈయనగారి తాలూకు" అంది పిన్ని. ఆవిడ బాబాయిని కిందనుంచి పైదాకా తీరిగ్గా చూసి, ఒకే ఒక్క మాట అంది. పొయ్యి దగ్గర ముసలాయనతో సహా అందరూ విరగబడి నవ్వారు. "ఏమంది? ఏమందే ఆవిడ?" అని బాబాయి. చెప్పేవాళ్ళెవరూ లేరు.

బాబాయి వాచీ చూపించి "బస్సు, బస్సు" అనేసరికి, పొగలు కక్కే రొట్టె ఒకటి పిన్ని చేతిలో పెట్టి, సందులన్నీ గబగబా దాటించి మమ్మల్ని బస్సు ఎక్కించింది ఆవిడే. ఎక్కీ ఎక్కకముందే బస్సు కదిలింది. పిన్నీ బాబాయీ రొట్టె తుంచుకు తింటుంటే, కోటా లైట్‌హౌసూ చూడకుండా ఆఫీసులో ఏం చెప్పుకోవాలా అని నేను మొహం మాడ్చుకుని కూర్చున్నాను.

ఇప్పుడు బాబాయి రిటైరై తీరిగ్గా ఉన్నాడు. ఫోన్ చేసినప్పుడల్లా, "ఆవిడ ఏమనుంటుందంటావ్?" అని అడుగుతాడు. అడిగినప్పుడల్లా కొత్త అర్థం చెబుతాను. మొన్న, "ఇంత మంచి మొగుడికి రెండు వేళ్ళేం సరిపోతాయి, పది వేళ్ళకీ పెట్టుకోవాల్సింది, అనుంటుంది బాబాయ్" అన్నాను. కాసేపు మురిసిపోయి, "పొగడ్తేనంటావా?" అన్నాడు అనుమానంగా. వెనకనుంచి పిన్ని నవ్వు వినిపించింది. నిజం చెప్పాలంటే, వాళ్ళు నవ్వింది గోడకి అతుక్కుపోయిన నన్ను చూసేనేమో కూడా. అప్పటి నాలోని ఆ పిల్ల పక్కన ఇప్పుడు ఒక్క నిమిషం నిలబడే వీలుంటే, వీపు మీద చిన్నగా ఒకటి వేసి, "కాస్త ముందుకెళ్ళి చూడవే, మళ్ళీ రాం" అనేదాన్ని.