ఎడమ చెవి కొలత

ఇయర్‌ఫోన్ల పెట్టె సీలు ముందే చింపి ఉంది. మా వదిన దాన్ని నా చేతిలో పెట్టినప్పుడు నేను మొదట చూసింది అదే.

ఆమె మా ఆయనకు అక్క. మదురై దాటాక తిరుమంగళంలో ఉంటుంది. పళనిలో మొక్కు తీర్చుకుని, ఊరికి తిరిగిపోయే ముందు ఒక పూట కోయంబత్తూరులో మా ఇంట్లో ఆగింది.

“బస్సులో పాటలు వింటా పోతావు కదమ్మా, నీకనే కొంటిని,” అంది.

నవ్వుతూ తీసుకున్నాను. మనసులో మాత్రం వేరే మాట నడిచింది. కొన్న వస్తువుకి సీలు ఎందుకు చింపి ఉంటుంది? ఎవరో ఈమెకు ఇచ్చి ఉంటారు, నచ్చక నాకు అంటగట్టింది. నా పెళ్ళైన కొత్తలో ఆమె పెట్టిన పట్టుచీర మడతలో ఇంకెవరి పేరో రాసిన చీటీ దొరికింది. పద్దెనిమిదేళ్ళయినా ఆ చీటీ నా మనసులోంచి పోలేదు.

నేను బతికేదే అనుమానం మీద. పీలమేడు దగ్గర నీళ్ళ మోటార్లు చేసే ఒక కంపెనీలో తయారైన సరుకును పరీక్షించే పని నాది. మోటారు తిరుగుతుంటే దాని ఒంటికి ఇనుప కడ్డీ ఆనించి, రెండో కొన చెవికి పెట్టుకుని, లోపల బేరింగు ఎలా తిరుగుతుందో వింటాను. ఎప్పుడూ ఎడమ చెవితోనే. కుడి చెవి పిలిచేవాళ్ళ కోసం, ఎడమ చెవి పని కోసం. ఈ మధ్య ఇంకో పని కూడా నా మీద పడింది. మోటారు కొన్నవాళ్ళు దాని చప్పుడు ఫోనులో రికార్డు చేసి పంపుతారు. అది విని, బాగు చేయడానికి మనిషిని పంపాలా వద్దా అని నేను చెప్పాలి. నీళ్ళు లేని బావిలో మోటారు తిప్పి పాడుచేసి, తయారీలోనే లోపం ఉందని వాదించేవాళ్ళను చాలామందిని చూశాను. అందుకని ప్రతి రికార్డింగునూ ముందు అబద్ధంగానే వినడం అలవాటైంది.

వదిన వెళ్ళిన మరునాడు బస్సులో ఆ ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాను. కుడి పక్క పాట నిండుగా ఉంది. ఎడమ పక్క అదే పాట రేకు డబ్బాలోంచి వచ్చినట్లుంది. గొంతు వినిపిస్తోంది, మృదంగం లేదు.

సాయంత్రం మా ఆయనతో అన్నాను. “మీ అక్క తెచ్చింది డూప్లికేటు. ఒక పక్క సరిగ్గా పలకనే లేదు.”

“దుకాణంవాడు మోసం చేసుంటాడు. అక్క ఏం చేస్తుంది?”

“అక్కకి తెలియకుండానే సీలు చిరిగెనా?”

ఆయన పేపరు మడిచి లోపలికి వెళ్ళిపోయాడు.

అయినా వాటిని పారేయలేదు. ఆఫీసులో నా పెద్ద హెడ్‌ఫోను విరిగింది, కొత్తది ఇంకా రాలేదు. పాటకు పనికిరాకపోయినా మోటారు చప్పుడుకు చాలులే అనుకుని, అలవాటు ప్రకారం ఎడమ పక్కది మాత్రమే చెవిలో పెట్టుకుని రికార్డింగులు వినసాగాను.

అలా ఉండగా పళని పక్క పల్లె నుంచి ఒక పెద్దాయన రికార్డింగు వచ్చింది. ఆయన ఇంట్లోనూ తెలుగే. మోటారు చప్పుడు పలచగా, శుభ్రంగా వినిపించింది. లోపం లేదని రాసి పంపాను. రెండు రోజులకు ఇంకోటి పంపాడు, మళ్ళీ ఇంకోటి. ఏదో దాస్తున్నాడన్న అనుమానం గట్టిపడింది. చివరికి ఆయనే ఫోను చేశాడు.

“ఏమ్మా, గుర్రు గుర్రుమని లోపల ఉరుముతా ఉండాది. నీకు వినపడలేదా?”

“మూడుసార్లు వింటిని అన్నా. అట్లాంటిది ఏమీ లేదు. నీళ్ళు లేనప్పుడు తిప్పితిరా?”

“బావిలో నిండా నీళ్ళు ఉండాయి. నేను యాల అబద్ధం చెప్తాను? కోపం చేసుకోవద్దమ్మా. నీ చెవులు బాగుండాయా?”

ఫోను పెట్టేశాను. ముఖం వేడెక్కింది. ఇన్నేళ్ళలో నా చెవి గురించి ఎవరూ అలా అడగలేదు.

కంపెనీలో కొత్తగా చేరినవాళ్ళకు నేను నేర్పే మొదటి పాఠం ఒకటుంది. ఒక భాగం మీద అనుమానం వస్తే దాన్ని తీసి రెండో పక్క బిగించి చూడు. తప్పు భాగంతో పాటు వెళ్తే భాగానిది, వెళ్ళకపోతే చోటుది. ఆరు వారాలుగా ఆ చిన్న పని నేను చేయలేదు. ఎందుకు చేయలేదో ఆ సాయంత్రం వంటింట్లో నిలబడి ఆలోచించాను. వదినను అనుమానించడం సులువు. అంతకంటే వేరే కారణం లేదు.

ఎడమ ముక్క కుడి చెవిలో పెట్టాను. మృదంగం నిండుగా మోగింది. కుడి ముక్క ఎడమ చెవిలో పెట్టాను. రేకు డబ్బా.

తప్పు చోటుది.

మా కంపెనీలో ఏడాదికొకసారి చెవులు పరీక్షిస్తారు. వినికిడి తగ్గినవాళ్ళను పరీక్ష గదిలోంచి ప్యాకింగుకు మారుస్తారు. ఆ రోజులు దగ్గరకొచ్చాయి. మా ఆయనకు చెప్పలేదు. పక్కన పనిచేసేవాళ్ళు మెల్లగా మాట్లాడితే, నన్ను పరీక్షించడానికే మెల్లగా మాట్లాడుతున్నారేమో అనిపించేది. ఎవరైనా ఎడమ పక్క నుంచి పిలిస్తే అవసరానికి మించి త్వరగా తల తిప్పేదాన్ని.

ఆ శనివారం సెలవు పెట్టి, వినికిడి యంత్రాలు అమర్చే ఒక చిన్న చోటికి ఒంటరిగా వెళ్ళాను. నడిపేది యాభై దాటిన ఒక ఆడమనిషి. మొదట అరవంలో మాట్లాడింది. మధ్యలో మా ఆయన ఫోను చేస్తే, కూరగాయలు కొంటున్నానని తెలుగులో అబద్ధం చెప్పాను. ఫోను పెట్టగానే ఆమె తెలుగులోకి దిగింది.

“మీ ఇంట్లోనూ తెలుగేనా? మాదీ తెలుగే. మా తాతల కాలాన మిల్లు పనికని వచ్చిరి.”

అబద్ధం విన్నదన్న సిగ్గుకంటే, ఇలా దగ్గరై యంత్రం అంటగడుతుందేమో అన్న అనుమానమే ముందు వచ్చింది.

ఆమె నన్ను చిన్న గదిలో కూర్చోబెట్టి, చప్పుడు వినబడినప్పుడల్లా మీట నొక్కమంది. వినబడీ వినబడని చప్పుళ్ళకు ఊపిరి బిగబట్టి నొక్కాను. బయటికొచ్చాక కాగితం మీద రెండు గీతలు చూపించింది. అవి దాదాపు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి.

“చెవులు రెండూ బాగుండాయి. ఈ వయసుకి ఇది రొంబ మేలు.”

“మరి ఎడమ పక్క పాట యాల పలచగా వస్తాది?” అని ఇయర్‌ఫోన్లు పెట్టెతో సహా తీసి బల్ల మీద పెట్టాను. నాకింకా నమ్మకం కలగలేదు.

ఆమె చెవిలోకి లైటు వేసి చూసింది. తర్వాత ఇయర్‌ఫోన్లు రెండూ పెట్టుకుని, నోరు మూసి ‘మ్’ అనమంది. అన్నాను. కుడి పక్క నా గొంతు గుహలో మోగినట్లు మోగింది. ఎడమ పక్క మామూలుగానే ఉంది.

“చూస్తివా? ఎడమ చెవి దారి కొంచెం పెద్దది, వంపు కూడా ఉండాది. ఇయర్‌ఫోను కొసన ఉండే ఈ రబ్బరు మూతి దాన్ని పూరాగా మూయలేదు. సందులోంచి బరువైన శబ్దమంతా కారిపోతాది. పలచనిది మాత్రం మిగులుతాది.”

“ఒకే మనిషికి రెండు చెవులు రెండు కొలతలా?”

“చెప్పుల అంగడికి పోయి అడుగమ్మా. కాళ్ళూ అట్లే.”

పెట్టె అడుగున వేరే సైజు మూతులున్న చిన్న ప్లాస్టిక్ కవరు ఉంది. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి, “ఇది ఇంకా విప్పనే లేదే,” అని కత్తెరతో కోసింది. ఎవరో వాడిన వస్తువని ఆరు వారాలు నేను నమ్మాను. నేను ఆ కవరును తాకి కూడా చూడలేదు.

పెద్ద సైజు మూతి తొడిగి, చెవిని పైకీ వెనక్కీ లాగి, కొంచెం తిప్పుతూ లోపలికి పెట్టింది. ‘మ్’ అన్నాను. ఎడమ పక్కా గుహ అయింది. పాట పెడితే మృదంగం వచ్చింది. అయితే ఆ రబ్బరు గట్టిది. కాసేపటికే చెవి అంచు నొప్పి పుట్టింది. ఆమె తన డబ్బా తెరిచి స్పాంజి మూతి ఇచ్చింది. వేళ్ళ మధ్య నలిపి సన్నగా చేసి పెట్టుకుంటే, లోపల మెల్లగా ఉబ్బి చెవి ఆకారం పట్టింది. ఎంతో హాయిగా ఉంది కానీ, పాటలో తాళం చప్పుడు మీద దుప్పటి కప్పినట్లయింది. గ్రీజు ఎండిన బేరింగు గీరుడు కూడా ఆ సన్నటి చప్పుళ్ళలోనే ఉంటుంది. దాన్ని పోగొట్టుకుంటే నా పని సాగదు. రెండు అంతస్తుల గొడుగులాంటి మూతి ఇంకోటి పెడితే, అది లోతుకు పోయి దగ్గు వచ్చింది; చెవి లోపల తగిలితే కొందరికి అంతేనంది. చివరికి మెత్తటి రబ్బరుతో, వెడల్పు నోరున్న పెద్ద సైజు మూతి కుదిరింది. కుడి పక్క మధ్య సైజే ఉంచేసింది.

“రెండు పక్కలా వేరు వేరుగా ఉంటే ఎవరైనా చూసి నవ్వరా?”

“చెవిలోపల ఉండేది ఎవరు చూస్తారమ్మా?”

యంత్రం మాట ఆమె ఎత్తనే లేదు. బస్సెక్కేదాకా ఎత్తుతుందేమోనని ఎదురుచూస్తూనే ఉన్నాను.

సోమవారం ముందుగా పళని పెద్దాయన పంపిన మూడు రికార్డింగులూ పెట్టాను. మొదటిదానిలోనే ఉంది. అడుగున, మోటారు మోత కింద, రాయి మీద రాయి దొర్లుతున్నట్లు ఉరుము. మూడోదానిలో ఇంకా పెరిగింది. ఆయన రోజు రోజుకూ పెరుగుతున్న లోపాన్ని నాకు వరుసగా పంపుతూ వచ్చాడు. నేను ఆయన్ను దొంగను చేశాను.

ఫోను చేసి, మనిషిని పంపుతున్నామని చెప్పాను. ఈసారి అనుమానం ఆయనది.

“ఆ దినం లేదంటివి, ఈ దినం ఉండాదంటావు. నడుమ ఎవరు ఏమి చెప్పిరి?”

“ఎవరూ చెప్పలేదన్నా. నా చెవిలో పెట్టే రబ్బరు చిన్నదిగా ఉండె. సందులోంచి శబ్దం పోయింది. తప్పు నాదే.”

“పైపు అతుకులో వాషర్ సరిగ్గా కూర్చోకుంటే నీళ్ళు కారినట్లా?”

“ఆమా అన్నా. అట్లే.”

“అయితే సరి,” అన్నాడు. “మనిషిని పొద్దున్నే పంపు.”

మావాళ్ళు వెళ్ళి విప్పితే వెనక బేరింగు గుండ్లు అరిగి ఉన్నాయి. కొత్తది వేసి వచ్చారు. నేను ఆరు వారాలలో లోపం లేదన్న మిగతా రికార్డింగులన్నీ మళ్ళీ విన్నాను. ఇంకో రెండు తేలాయి. పై అధికారికి నేనే వెళ్ళి చెప్పాను. ఆయన ఇకమీదట రెండు చెవులతో వినమన్నాడు.

వదినకు చెప్పడమే కష్టమైంది. తిరుమంగళంలో బంధువుల పెళ్ళికి వెళ్ళినప్పుడు, పెళ్ళివారింట్లో పూలు కడుతూ ఇద్దరమే ఉన్నాం. డూప్లికేటని అనుకున్నానని, సీలు చూసి తప్పుగా తలచానని చెప్పేశాను.

ఆమె దారం తెంపి ముడి వేసింది. “అంగట్లో పలుకుతాదా లేదా అని నేనే విప్పి చూస్తిని. నువ్వు అట్లా తలచిన సంగతి నాకు తెలుసు. తమ్ముడు మరునాడే చెప్పె.”

“తెలిసీ ఇన్ని దినాలు ఏమీ అడగలేదా వదినా?”

“అడిగితే నమ్మి ఉంటావా?”

ఆమె కట్టిన మూరెడు పూలు నా జడలో పెట్టి, ఇంకో మూర కట్టడం మొదలుపెట్టింది. నిజంగా మనసులోంచి తీసేసిందా, పెళ్ళి ఇల్లు కదా అని ఊరుకుందా అని ఆమె ముఖం వైపు దొంగచాటుగా చూశాను. ఆమె అది చూసింది.

“ఇంకా ఏమి చూస్తావు? ఆ కొస పట్టుకో,” అంది.