మూత రాని కొబ్బరి పెన్ను

ఆ రోజుల్లో ఫోన్లో వీడియోలో ఎవరైనా ఏదైనా తయారుచేస్తూ కనిపిస్తే చాలు, ఆ పని నాకూ వచ్చేసిందనుకునేవాణ్ణి. అమలాపురంలో ఇంటర్ పిల్లలకి ఫిజిక్సు చెప్పుకునే నాకు వయసు ముప్ఫై అయిదు, ధైర్యం పద్దెనిమిది. ఓ వేసవి సెలవుల్లో కర్రని తిప్పుతూ చెక్కే పాత లేత్ మిషనొకటి కొని పెరటి వసారాలో దింపించాను. ఇంజనీరింగ్ సీటు రాని బాధ అలా తీర్చుకున్నానని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. (నిజమే, కానీ ఒప్పుకోను.) మా ఆడపిల్లలిద్దరితో కలిసి పెన్నులు చెయ్యాలన్నది నా పథకం. పెద్దది చిట్టికి పదేళ్లు, చిన్నది బుడంకాయకి ఆరు. నేను ఉలి పట్టుకుంటే నా చేతుల మీద చేతులేసి చిట్టి పట్టుకునేది. బుడంకాయ దూరంగా స్టూలు మీద కూర్చుని, "నాన్నా, ఎక్కువ గీకేస్తన్నావ్" అని హెచ్చరించేది. అది అన్న ప్రతిసారీ నేను ఎక్కువే గీకేసి ఉండేవాణ్ణి.

ఏడు పెన్నులు చీలికలై పొయ్యిలోకి వెళ్లాక ఎనిమిదోది నిలబడింది. గాలివానకి మా పెరట్లో పడిపోయిన కొబ్బరిచెట్టు చేవతో చేశామేమో, నల్లటి చారలతో ముచ్చటగా ఉంది. పాళీ కొన్నాం, తక్కినదంతా మా చేతి పనే. మరలు కొయ్యడం నాకు రాదు కనుక, నొక్కితే బిగుసుకునేలా మూత పెట్టాం. ఆ మూతని చిట్టి ఒక్కతే ఉప్పుకాగితంతో రుద్ది రుద్ది సరిచేసింది. మిషను అమ్మిన మేస్త్రిగారు చూసి, "పచ్చి కర్రండీ ఇది. కొబ్బరి ఏడాదైనా ఎండాలండీ. వానలొస్తే ఉబ్బుద్దండీ," అన్నారు. ఫిజిక్సు చెప్పేవాడికి కర్ర గురించి చెప్పడమేమిటని నా బాధ. "రోహిణీకార్తె ఎండలో పెట్టాం లెండి, చాలు" అనేశాను.

ఆ పెన్ను చిట్టి వాళ్ల తాతయ్యకిచ్చింది. ఆయన మా మావయ్యగారు, రిటైరైన హెడ్మాస్టరు, నాకు గోడకి మేకు కొట్టడం కూడా రాదని పెళ్లైన కొత్తలోనే కనిపెట్టిన మనిషి. పెన్ను అటూ ఇటూ తిప్పి చూసి, "మీ పిన్ని పెళ్లికి చర్చి రిజిస్టర్లో సంతకం దీంతోనే పెడతానమ్మా" అన్నారు. ఆ మాట చిట్టి వీధంతా చెప్పుకుంది. నేను కాలేజీ అంతా చెప్పుకున్నాను.

పెళ్లి రాజోలులో, ఆగస్టు ముసురులో. ప్రమాణాలు అయ్యాయి, వధూవరుల సంతకాలు అయ్యాయి. సాక్షి సంతకానికి మావయ్యగారు జేబులోంచి పెన్ను తీసి మూత లాగారు. రాలేదు. మళ్లీ లాగారు. పాస్టరుగారు తన పెన్ను అందించబోతే, "వద్దండీ, మనవరాలికి మాటిచ్చేనండీ" అన్నారు. మస్కట్‌లో క్రేన్లు నడిపొచ్చిన పెళ్లికొడుకు మేనమామ రుమాలు చుట్టి ఊపిరి బిగబట్టి లాగి, "ఆయ్, ఇది నా వల్ల కాదండీ" అని తేల్చేశారు. వెనక వరసల్లో బిర్యానీ చల్లారిపోతోందన్న గుసగుసలు మొదలయ్యాయి.

చిట్టి నా చొక్కా పట్టుకుంది. "నేనే బిగువుగా చేసేసేను నాన్నా. ఇంక మిషను ముట్టుకోను." ఏడు పెన్నులు విరిగినా ఏడవని పిల్ల కళ్లలో నీళ్లు. నోరు మూసుకుంటే నా పరువు దక్కేది. కానీ దాని మొహం చూడలేకపోయాను. అందరికీ వినపడేలా, "మావయ్యగారూ, తప్పు పిల్లది కాదండీ. పచ్చికర్ర అని మేస్త్రిగారు చెప్పేరండీ, నేనే విన్లేదండీ. చెమ్మకి ఉబ్బిపోయిందండీ" అన్నాను.

ఆయన కళ్లజోడు పైనుంచి చూశారు. "మీరు చెప్పేది ఫిజిక్సే కదండీ, అల్లుడుగారూ?"

"ఆయ్, అవునండీ."

చర్చి చర్చంతా నవ్వింది. ఆ నవ్వుల్లోనే బుడంకాయ, "పిన్ని జుట్టు ఆరబెట్టేరు కదా, దాంతో దీన్నీ ఆరబెట్టండి" అంది. పెళ్లికూతుర్ని ముస్తాబు చేసినావిడ డ్రయ్యరు తెచ్చింది. పాటల కీబోర్డు ప్లగ్గు పీకి డ్రయ్యరుది పెట్టి, పదినిమిషాలు వేడిగాలి కొట్టి నేనే మూత లాగాను. టప్పున ఊడింది. దాంతోపాటు లోపలి ఇంకు నా కొత్త తెల్లచొక్కా మీదకి చిమ్మింది. వేడికి గాలి వ్యాకోచిస్తుందన్నది నేను ఏటా చెప్పే పాఠమే.

మావయ్యగారు పాళీ తుడుచుకుని, నిదానంగా సంతకం పెట్టి, చిట్టి తల నిమిరారు. "నీ పని బాగుందమ్మా. మీ నాన్న తొందరే బాలేదు. కర్ర ఎండేక ఇంకోటి చేద్దువుగాని. ఇది మాత్రం నాదే."

పోయేదాకా ఆయన దాంతోనే రాశారు. వానాకాలంలో పెన్ను ఎడమజేబులో, మూత కుడిజేబులో. ఇప్పుడా మిషను చిట్టిది. కర్రని రెండేళ్లు అటక మీద ఎండబెడుతుంది, నన్ను ఉలి ముట్టుకోనివ్వదు. తాతయ్య పెన్ను నాకొచ్చింది. మొన్న ముసురులో కాలేజీలో కొత్తగా చేరిన కుర్ర లెక్చరరు, "మీ పెన్నుకి మూత లేదేంటండీ మాస్టారూ?" అన్నాడు.

"కుడిజేబులో ఉందండీ. వానాకాలం కదండీ," అని చెప్పి, ఆ ముప్ఫై అయిదేళ్ల మేధావిని తల్చుకుని నాలో నేనే నవ్వుకున్నాను.