ఇసుకే మా జీపుకు బ్రేకు

అల్లూరులో మా ఇంటి ఎదురుగానే రొయ్యల మేత గోదాము. పొద్దున్నే లారీ వచ్చి బస్తాలు దించేటప్పుడు వీధంతా చేపనూనె వాసన కొడుతుంది. కొత్తగా కాపురానికొచ్చిన పక్కింటి అమ్మాయి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కిటికీలు మూసేస్తుంది. నేను మాత్రం అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతుంటాను. నాకా వాసన బాగుందనీ కాదు, బాగాలేదనీ కాదు. అది మా జీపు అడుగున ఉండే వాసన, అంతే.

నేను పెరిగింది సముద్రం ఒడ్డు పాళెంలో. పాళేనికీ అల్లూరు రోడ్డుకీ మధ్య ఇసుక దిబ్బలు, వాటి మీద సరుగుడు తోపులు, మనిషి నడిస్తే చీలమండ దాకా దిగబడే దారి. పడవలు ఒడ్డుకొచ్చాక తట్టలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్లు ఆ ఇసుకలో పడి నడిచేసరికి, ఎండకు చేప సగం మెత్తబడిపోయేది. అందుకని మా నాయన ఏదో సర్కారు కచేరీ వాళ్లు వేలం వేసిన పాత జీపు కొన్నాడు. దిబ్బలు దాటి ఏ మెకానిక్కూ రాడు కాబట్టి, పడవను బాగుచేసుకున్నట్టే జీపునూ తనే బాగుచేసుకోవడం మొదలుపెట్టాడు. ఏటా ఎండాకాలంలో దాన్ని దుంగల మీదికెత్తి, చక్రాలు ఊడదీసి, కింద వెల్లకిలా పడుకుని, ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా పడవ చెక్కలకు పూసే చేపనూనెనే ఇనుమంతటికీ గుడ్డతో పట్టించేవాడు. ఆ తర్వాత చాలా రోజులు ఊళ్లోని పిల్లులన్నీ జీపు కిందే కాపురం పెట్టేవి. నాయన వంగి చూసి, అన్నిటినీ అదిలించాక గాని బండి కదిలించేవాడు కాదు.

అమ్మ వలలు అల్లేది. జీపు పైకప్పు గుడ్డ చిరిగితే ఆ వలసూదితోనే కుట్టేది. ఇంజను విప్పేటప్పుడు ఆమె పక్కన లేకపోతే నాయనకు చెయ్యి ఆడేది కాదు. పాత చీర పరిచి, విప్పిన ప్రతి నట్టునూ బోల్టునూ విప్పిన వరుసలోనే, ఎండుచేపలు పరిచినట్టు తలలన్నీ ఒకవైపుకి పెట్టి పేర్చేది. ఆ చీర మీద ఎవరైనా కాలు పెట్టారా, వీపు విమానం మోతే. జీపు ఒడ్డు నుంచి రాగానే ఇసుకలో తవ్విన చెలమ నీళ్లు బిందెలతో తెచ్చి అడుగంతా కడగడం నేనూ పాళెం పిల్లలూ చేసే పని. అదయ్యాక స్టీరింగు కోసం కొట్టుకుని, గెలిచినవాళ్లు నోటితో ఇంజను మోత చేస్తుంటే, మిగిలినవాళ్లం సరుగుడు కాయలు టిక్కెట్లుగా ఇచ్చి మద్రాసు దాకా పోయి వచ్చేవాళ్లం. ఆయుధపూజకు జీపుకు పసుపు కుంకుమ బొట్లు, బంతిపూల దండ, చక్రాల కింద నిమ్మకాయలు. అవి చితికిన చప్పుడు వినపడ్డాక అమ్మ బొరుగులూ పుట్నాలూ బెల్లమూ కలిపి దోసిట్లో పోసేది. ఆ బెల్లానికి కాస్త గ్రీజు వాసన కూడా అంటేది.

నాయన ఆ జీపులో బాగుచెయ్యనిది బ్రేకు ఒక్కటే. కొన్ననాటి నుంచీ పెడల్ తొక్కితే మెత్తగా కిందికంటా పోయేది. కాని ఇసుకలో యాక్సిలరేటరు మీంచి కాలు తీస్తే చాలు, బండి దానంతటదే ఆగిపోయేది. దిబ్బల అంచున చేపలు దించేసి, రోడ్డెక్కకుండానే వెనక్కి తిరిగేవాడు. మా పాళెంలో ఎవరికీ ఇందులో తప్పు కనపడలేదు, అమ్మకు తప్ప.

"పడవకుండాదా బ్రేకు? మనకి ఇసకుండాది గదే" అనేవాడు నాయన.

"రేపు రోడ్డు పడినాక గూడా ఇట్టనే అంటావా?" అనేది అమ్మ.

"పడనీ, అప్పుడు జూద్దాం."

రోడ్డు పడింది. దిబ్బలు తవ్వి, ఆ ఇసుకే పోసి ఎత్తు చేసి, పైన కంకరా తారూ పరిచారు. పిల్లలం చెప్పులు చేత్తో పట్టుకుని దాని మీద నడిచి చూశాం. అమ్మకు జీపులో కూర్చుని, నడుం కుదిలిపోకుండా, ఒక్కసారి అల్లూరు దాకా పోయి రావాలని ముచ్చట. బ్రేకు సామాను వచ్చే వారం నెల్లూరు నుంచి తెస్తానని, ఈలోగా నెమ్మదిగా పోతే ఏం కాదని నాయన అన్నాడు. అమ్మ ఉతికిన చీర కట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. నేను బడికి పోయాను.

మలుపు దగ్గర బర్రెల మంద అడ్డం వచ్చింది. నాయన పెడల్ తొక్కాడు, అది కిందికంటా పోయింది. ఏళ్ల నాటి అలవాటు కొద్దీ, ఆపడానికని బండిని పక్కనున్న ఇసుకలోకి తిప్పాడు. అక్కడ ఇసుక లేదు. రోడ్డు కోసం తవ్వేసిన గొయ్యి వాననీళ్లతో నిండి ఉంది. జీపు అందులో తిరగబడింది. నాయన చెయ్యి విరిగి బయటపడ్డాడు. అమ్మ బయటపడలేదు.

నేను ఏడవలేదు. "ఏడవ్వే తల్లీ, బరువు దిగతాది" అని మేనత్త గడ్డం పట్టుకుని బతిమాలింది. రాలేదు. అన్నం రుచి తెలిసేది కాదు, ఎవరు పిలిచినా తోపు అవతలి నుంచి పిలిచినట్టు ఉండేది. నాయన కూడా ఏడవలేదు. చెయ్యి కట్టు విప్పాక, ట్రాక్టరుతో లాగించి తెచ్చిన జీపును దుంగల మీదికెత్తించి, నెల్లూరు వెళ్లి బ్రేకు సామానంతా తెచ్చాడు. పాత చీర తనే పరుచుకున్నాడు. అన్నీ బిగించి బ్రేకు నూనె పోశాక, గొట్టాల్లో ఇరుక్కున్న గాలి తియ్యడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఒకరు పైన కూర్చుని పెడల్ తొక్కాలి, ఇంకొకరు చక్రం దగ్గర మర వదులు చేసి బిగించాలి. నన్ను పిలిచాడు.

"తొక్కు పాపా... పట్టుకో... ఇప్పుడు వదులు."

ఒక్కో చక్రం దగ్గరా అదే మాట. చివరికి పెడల్ రాయిలా అయింది.

"గట్టిగా ఉండాదా?" అన్నాడు కింది నుంచే.

"గట్టిగా ఉండాది నాయనా."

ఆయన చాలాసేపు జీపు కింది నుంచి బయటికి రాలేదు. తర్వాత ఎప్పుడూ దాన్ని నడపలేదు. కాని ఆదివారం వస్తే పిలిచేవాడు, నేను పోయి తొక్కేదాన్ని. కదలని బండి గొట్టాల్లోకి కొత్తగా గాలి రాదని ఇద్దరికీ తెలుసు. నా పెళ్లయ్యేదాకా ఆ ఇంట్లో మేం మాట్లాడుకున్న మాటలు చాలావరకు అవే.

నాయన పోయాక జీపు, పానాల పెట్టె నాకొచ్చాయి. గ్రీజు నేనే పెడతాను, నూనె నేనే మారుస్తాను, ప్లగ్గులు నేనే గీకుతాను. అమ్మెయ్యమని మా ఆయన చెప్పీ చెప్పీ ఊరుకున్నాడు. ఇప్పుడు దిబ్బలు లేవు. తోపుల చోట రొయ్యల గుంటలు, వాటిలో పగలూ రాత్రీ నీళ్లు చిలికే ఏరేటర్ల రొద. చెక్క పడవలు పోయి ఫైబరువి వచ్చాయి, చెలమలు పూడి నీళ్ల క్యాన్లు వచ్చాయి. వీటన్నిటికీ నాకు బాధ కలగాలి కాబోలు. కలగదు.

మా గుంటల మీదికి జీపులో మేత బస్తాలు వేసుకుని ఆ రోడ్డునే పోతుంటాను. మలుపు దగ్గరికి రాగానే నా కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతుంది. ఎదురుగా బర్రే ఉండదు, మనిషీ ఉండడు. జీపు రోడ్డు మధ్యలో కదలకుండా నిలబడుతుంది. వెనక వచ్చేవాళ్లు హారను కొడతారు. కాసేపు కొట్టనిచ్చి, గేరు వేసి కదులుతాను.